లాక్ స్క్రీన్ మీద ధైర్యం మాట: రెండేళ్లు దాటాక నా అనుభవం

ఫోన్ చేతిలోకి తీసుకోగానే మనసుకు ధైర్యం చెప్పే మాట ఒకటి కనబడేలా పెట్టుకుంటే నిజంగా పనిచేస్తుందా అని ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. పనిచేస్తుంది. కాకపోతే అది ఎలాంటి మాట, ఎక్కడ పెట్టాం, ఏ వేళకు కనబడుతుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. నేను ఈ పద్ధతి మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. నా ఫోన్ మీద, ఆఫీసు కంప్యూటర్ మీద, అలారంలో, అమ్మ ఫోన్‌లో కూడా పెట్టి చూశాను. కొన్ని మాటలు నన్ను నిజంగా నిలబెట్టాయి. కొన్నింటిని వారం తిరక్కుండానే కన్ను పట్టించుకోవడం మానేసింది. కొన్ని మాత్రం ఉన్న దిగులును ఇంకాస్త పెంచాయి. ఆ మూడో రకం గురించి పెద్దగా ఎవరూ చెప్పరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు నా పని గురించి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారి దగ్గర అకౌంట్స్ చూస్తాను. మా క్లయింట్లలో ఎక్కువమంది వన్‌టౌన్ వ్యాపారులే. బట్టల షాపులు, స్టీలు సామాన్లు, మందుల హోల్‌సేల్. మా నెల మొత్తం తేదీల మీద నడుస్తుంది. 7న టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే పట్టుకున్న పన్ను) కట్టాలి, 11న అమ్మకాల వివరాలు చూపే జీఎస్టీఆర్-1 వెయ్యాలి, 20న నెల జీఎస్టీ లెక్క తేల్చే 3బి రిటర్ను. ఇవికాక ఏటా ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు, సెప్టెంబర్ 30కి ఆడిట్ రిపోర్టులు. 20 దాటితే లేట్ ఫీజు, పైన వడ్డీ. బిల్లులు ఆలస్యంగా పంపింది వాళ్లే అయినా, "మీరు చూసుకోవాలి కదండీ" అన్న మాట మాత్రం మాకే పడుతుంది. 18 వచ్చిందంటే నాకు నిద్ర సరిగా పట్టేది కాదు. పొద్దున లేవగానే ఫోన్ చూడాలంటే గుండె దడదడలాడేది. ఎవరు ఏ మెసేజ్ పెట్టారో, ఎవరి బిల్లులు ఇంకా రాలేదో అని. నా టెన్షన్ మొదలయ్యేదే ఫోన్ స్క్రీన్ దగ్గర కాబట్టి, దానికి ఏదైనా చేస్తే అక్కడే చెయ్యాలనిపించింది.

మాటకు బలం ఉందన్న నమ్మకం మన ఇళ్లలో కొత్తేమీ కాదు. సాయంత్రం పూట నోటి వెంట చెడు మాట వస్తే, "తథాస్తు దేవతలు తిరిగే వేళ, అలా అనకూడదే" అని అమ్మమ్మ గదమాయించేది. బడిలో బ్లాక్‌బోర్డు పైన తేదీ పక్కనే రోజుకొక సూక్తి రాయడం మాలో చాలామందికి గుర్తు. రామకోటి రాసే పెద్దవాళ్లకు ఆ పేరు మళ్లీ మళ్లీ రాస్తుంటే మనసు కుదుటపడుతుందని అనుభవంతో తెలుసు. ఇదే ఆలోచన ఫ్రాన్స్‌లో ఎమిల్ కూఏ అనే మందుల షాపు ఆయన దగ్గర ఇంకో రూపంలో కనిపిస్తుంది. తన దగ్గరికి వచ్చేవాళ్లను రోజూ పొద్దున, రాత్రి ఇరవైసార్లు చొప్పున "ప్రతిరోజూ అన్ని విధాలా నేను మెరుగవుతున్నాను" అని పైకి చెప్పుకోమనేవాడు. లెక్క తప్పకుండా ఇరవై ముడులు వేసిన దారం దగ్గర పెట్టుకోమన్నాడు. అచ్చం మన జపమాలే. 1920ల మొదట్లో యూరప్‌లోనూ అమెరికాలోనూ ఆయన పేరు మారుమోగిపోయింది. ఇప్పుడు ఫోన్లలో ధైర్యం మాటలు పంపే యాప్‌లన్నీ ఆ దారం ముడుల సంతానమే.

నేనూ యాప్‌తోనే మొదలుపెట్టాను. దాని పేరు అనవసరం, ఆ తరహావి బోలెడు ఉన్నాయి. పొద్దుటి నుంచి రాత్రి వరకు కొన్ని గంటలకొకసారి ఒక ఇంగ్లీషు వాక్యం నోటిఫికేషన్‌గా వస్తుంది. నేను అద్భుతమైన మనిషిని, సిరిసంపదలు నా వైపు ప్రవహిస్తున్నాయి, నేను పూర్తి ప్రశాంతతలో ఉన్నాను, ఈ ధోరణిలో. మొదటి నాలుగు రోజులు హాయిగానే ఉంది. నోటిఫికేషన్ వచ్చిన ప్రతిసారీ క్లయింటు మెసేజ్ కాదని ఊపిరి పీల్చుకునేదాన్ని, అంతవరకు లాభమే. కానీ నెలాఖరులో జీతం ఖాతా అడుగంటిన రోజున సంపద ప్రవహిస్తోందని ఫోన్ చెబితే లోపల్నుంచి ఒక గొంతు వెంటనే "ఎక్కడ?" అంటుంది. 19వ తేదీ రాత్రి తొమ్మిదింటికి, నాలుగు ఫైళ్లు మిగిలి ఉండగా "నేను పూర్తి ప్రశాంతతలో ఉన్నాను" అని చదివితే, లేని ప్రశాంతతను గుర్తుచేసినట్టవుతుంది. ఉన్న టెన్షన్‌కు తోడు, అందరికీ దొరికేది నాకే దొరకడం లేదన్న బాధ ఒకటి చేరుతుంది.

ఇది నా ఒక్కదాని సంగతే అనుకున్నాను. తర్వాత తెలిసింది, కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీలో జోఆన్ వుడ్ అనే సైకాలజిస్టు, ఆమె తోటివాళ్లు 2009లో ప్రచురించిన పరిశోధన సరిగ్గా ఇదే చెప్పిందని. "నేను ప్రేమించదగిన మనిషిని" అన్న వాక్యాన్ని కొంతమంది చేత మళ్లీ మళ్లీ అనిపించారు. తమ మీద తమకు ముందే మంచి అభిప్రాయం ఉన్నవాళ్లకు అది కాస్త మేలు చేసింది. తమను తాము తక్కువగా చూసుకునేవాళ్లకు మాత్రం, ఆ మాట అనకుండా ఉన్నవాళ్లకంటే మనసు ఎక్కువ కుంగింది. అంటే ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే ఆ మాట గుచ్చుకుంది. అదే పరిశోధనలో ఇంకో ముక్క నాకు చాలా నచ్చింది. ఆ వాక్యం ఏ విధంగా నిజమో మాత్రమే ఆలోచించమన్నప్పటికంటే, ఏ విధంగా నిజమో ఏ విధంగా కాదో రెండూ ఆలోచించుకోనిచ్చినప్పుడు ఆ రెండో రకం వాళ్లు కాస్త తేలికపడ్డారు. మనసును బలవంతపెట్టకుండా దానికి కాస్త చోటివ్వాలన్నమాట. నాకు ఈ విషయం చదివాక చాలా ఊరట కలిగింది. లోపం నా మనసులో లేదు, ఆ వాక్యం తయారైన తీరులో ఉంది.

యాప్ తీసేశాను. తర్వాత నుంచి వాక్యాలు నేనే రాసుకుంటున్నాను, తెలుగులో, మా ఇంట్లో మాట్లాడుకునే తీరులో. ఒక్క నియమం పెట్టుకున్నాను. ఆ మాట చదివినప్పుడు లోపల్నుంచి ఎవరూ ఎదురు చెప్పకూడదు. "నాకు భయం లేదు" అంటే ఎదురు వస్తుంది. "భయం ఉన్నా పోయిన నెల అన్నీ వేశాను" అంటే రాదు, ఎందుకంటే అది జరిగిన సంగతి, రిజిస్టర్లో తేదీలతో సహా ఉంది. "నేను గొప్ప అకౌంటెంట్‌ని" అంటే నవ్వొస్తుంది. "నా లెక్క నమ్ముకుని ఇన్ని షాపులు నడుస్తున్నాయి" అంటే వెన్ను నిటారవుతుంది. ఈ రెండో తరహా వెనక కూడా ఒక సిద్ధాంతం ఉంది. అమెరికాలో క్లాడ్ స్టీల్ అనే సైకాలజిస్టు 1988లో ప్రతిపాదించాడు. మనల్ని మనం పొగుడుకోవడం కంటే, మనకు విలువైనదేమిటో గుర్తు చేసుకోవడం వల్లే మనిషి కష్టంలో తూలిపోకుండా ఉంటాడని దాని సారం. నాకు విలువైనది లెక్క తప్పదన్న పేరు. అమ్మకు దగ్గరుండి చూసుకోవడం. ఈ రెండింటి మీద రాసుకున్న మాటలే నా దగ్గర ఎక్కువకాలం నిలిచాయి.

అన్నింటికంటే బాగా పనిచేసిన మాట ఒకటి చెబుతాను. చూడ్డానికి అందులో ధైర్యమూ లేదు, స్ఫూర్తీ లేదు. "బుజ్జీ, ఓటీపీ రాకపోతే తర్వాతి ఫైల్ తియ్యి."

దీని కథ ఇది. 3బి వెయ్యాలంటే చివర్లో క్లయింటు ఫోన్‌కు ఓటీపీ వెళుతుంది. అది వాళ్లు చూసి మాకు చెప్పాలి, అది కూడా కొద్ది నిమిషాల్లో. వస్త్రలత బట్టల మార్కెట్లో షాపు కట్టేసి ఇంటికి వెళ్లి భోజనానికి కూర్చున్న మనిషి ఫోన్ ఎత్తడు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి. ఓటీపీ గడువు అయిపోతుంది. మళ్లీ పంపాలి. ఆ ఎదురుచూపులో కుర్చీలో కూర్చుని ఫోన్ స్క్రీన్‌నే చూస్తూ ఉంటాను. మెడ బిగుసుకుపోతుంది, చెయ్యి మౌస్ మీద ఉంటుంది కానీ ఏ పనీ చెయ్యదు. ఈ ఒక్కటీ కాకపోతే మిగతా మూడూ కావు, రేపు సారుకు ఏం చెప్పాలి, లేట్ ఫీజు ఎవరు కడతారు, అని ఆలోచన ఎటెటో పోతుంది. ఆ క్షణంలో నేను చూస్తున్నది లాక్ స్క్రీనే. దాని మీద నాన్న పిలిచే ముద్దుపేరుతో ఆ వాక్యం కనబడుతుంది. చదవగానే చెయ్యి దానంతట అదే పక్కనున్న ఫైల్ మీదికి పోతుంది. పావుగంటలో రెండో ఫైలు తయారయ్యేసరికి మొదటాయన భోజనం ముగించి తానే ఫోన్ చేస్తాడు. ప్రతిసారీ ఇలాగే జరుగుతుందని కాదు. కానీ ఖాళీగా కూర్చుని భయపడే పావుగంట నా 19వ తేదీల్లోంచి పోయింది. ఆ పావుగంటే నన్ను ఎక్కువ అలసగొట్టేదని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ వాక్యంలో రెండు కిటుకులు ఉన్నాయి. ఒకటి, "ఇలా జరిగితే అలా చేస్తాను" అన్న పద్ధతి. జర్మన్ సైకాలజిస్టు పీటర్ గాల్విట్జర్ దీని మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. నేను బాగా కష్టపడతాను అని అనుకోవడం కంటే, ఫలానా సందర్భం రాగానే ఫలానా పని అని ముందే ముడిపెట్టుకుంటే ఆ పని జరిగే అవకాశం పెరుగుతుందని ఆయన చెప్పాడు. రెండోది, పేరు. ఈథన్ క్రాస్ అనే అమెరికన్ పరిశోధకుడి బృందం 2014లో చూపించింది, మనిషి తనతో తాను "నేను" అని కాకుండా తన పేరుతో మాట్లాడుకుంటే ఒత్తిడిలో కాస్త ఎడంగా నిలబడి చూడగలుగుతాడని. నాకైతే ఇది పరిశోధన చదవకముందే తెలిసొచ్చింది. "నేను చేయగలను" అన్నది నా గొంతు, అది అప్పటికే వణుకుతోంది. "బుజ్జీ" అన్నది నాన్న గొంతు, అది ఎప్పుడూ నింపాదిగానే ఉండేది.

మా ఆఫీసులో ఆర్టికల్స్ (సీఏ చదువులో భాగమైన ట్రైనింగ్) చేస్తున్న అమ్మాయి ఒకరోజు నా ఫోన్ చూసి, "అక్కా, ఇదేం మాట? కొటేషన్ పెట్టుకోవాలి గానీ పని పెట్టుకున్నావేంటి?" అంది. ఆ అమ్మాయికి మాత్రం వేరే ఇబ్బంది. సారు ముందు నిలబడి ఫైల్ వివరించాలంటే నోరు ఎండిపోతుంది. తన స్క్రీన్ మీద "ప్రశాంతంగా ఉండు" అని ఇంగ్లీషులో పెట్టుకుంది. గుండె కొట్టుకుంటున్నప్పుడు ప్రశాంతంగా ఉండమంటే ఉండేదెలా? హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ప్రసంగం చేసేముందు, లెక్కల పరీక్ష రాసేముందు తమను తాము శాంతపరచుకోవాలని చూసినవాళ్లకంటే, "నాకు హుషారుగా ఉంది" అనుకున్నవాళ్లు బాగా చేశారు. గుండె దడను ఆపడం కష్టం, దాన్ని ఇంకో పేరుతో పిలవడం తేలిక. ఇది చెప్పి "ఈ ఫైల్ నాకు బాగా తెలుసు, చెప్పాలని ఉంది" అని మార్పించాను. కొన్ని వారాలకు తనే వచ్చి చెప్పింది, కాళ్లు వణకడం పోలేదు గానీ మొదటి వాక్యం తడబడకుండా వస్తోందని. మొదటి వాక్యం వచ్చేస్తే మిగతాది ఆ అమ్మాయికి నిజంగానే తెలుసు.

మా పిన్ని కొడుకు గ్రూప్-2కు చదువుతున్నాడు. వాడి లాక్ స్క్రీన్ మీద వాడి పేరు, కింద డిప్యూటీ తహసీల్దార్ అని ఉండేది. కోచింగ్ సెంటర్లలో, హాస్టల్ గోడల మీద ఇలా రాసుకోవడం మన దగ్గర మామూలే. ఇంటర్ పిల్లలు కూడా రావాల్సిన ర్యాంకు నంబరు కాగితం మీద రాసి మంచం పక్కన అతికించుకుంటారు. అందులో తప్పేమీ లేదు, ఆశ ఉండాలి. కానీ వాడు చెప్పిన మాట ఒకటి నాకు పట్టుకుంది. "అక్కా, పొద్దున్నే అది చూస్తే అయిపోయినట్టే అనిపిస్తుంది, పుస్తకం తీస్తే మళ్లీ మొదట్లోనే ఉన్నానని తెలుస్తుంది, అప్పుడు నీరసం వస్తుంది." గాబ్రియేల్ ఓటింజెన్ అనే జర్మన్ పరిశోధకురాలు దాదాపు ఇదే చెప్పింది. కోరుకున్నది అందిపోయినట్టు తీయగా ఊహించుకుంటే, దానికోసం కదిలే శక్తి తగ్గుతుందని. 1999లో వచ్చిన ఇంకో పరిశోధన కాలేజీ విద్యార్థుల మీదే జరిగింది. మంచి మార్కులు వచ్చినట్టు ఊహించుకున్నవాళ్లకంటే, తాము కూర్చుని చదువుతున్నట్టు ఊహించుకున్నవాళ్లు ఎక్కువసేపు చదివారు, వాళ్లకే మార్కులూ ఎక్కువ వచ్చాయి. తమ్ముడు ఇప్పుడు ఆ హోదా వాక్యాన్ని గోడ మీదికి మార్చి, ఫోన్ మీద "ఈ పూట పాలిటీలో ఏ చాప్టర్ అవగొడతావ్ రా?" అని పెట్టుకున్నాడు. ప్రశ్నగా పెట్టుకోవడం వాడి ఆలోచనే. చాలా తెలివైన ఆలోచన. ప్రశ్న చదివితే మనసు జవాబు వెతుక్కోక మానదు.

అమ్మ ఫోన్ విషయానికి వస్తే కథ వేరు. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఫిజియోథెరపీ చెయ్యాలంటే ఆవిడకు నొప్పి, భయం రెండూనూ. ఫోన్ మీద వేంకటేశ్వరస్వామి ఫొటో ఉంటుంది. దాన్ని తీసి ఇంకేదైనా పెట్టే ప్రసక్తే లేదు, నాకూ అది ఇష్టం ఉండదు. మన ఇళ్లలో పెద్దవాళ్ల ఫోన్లన్నీ దాదాపు ఇంతే కదా. అందుకని స్వామి ఫొటో అలాగే ఉంచి, దాని మీద గడియారం కింద సన్నటి గీతలా వచ్చే లాక్ స్క్రీన్ అక్షరాల్లో "నిన్నటికంటే ఇవాళ కాస్త ఎక్కువ వంగుతోంది" అని పెట్టాను. వంగని రోజులు కూడా ఉన్నాయి. ఆ రోజుల్లో అమ్మ నిలదీసింది, "ఎక్కడ వంగిందే? నిన్నటి అంతే ఉంది" అని. దాంతో "నొప్పి ఉన్నా ఇవాళ్టి పది అయ్యాయి" అని మార్చాను. లెక్క ఆవిడ చేతిలో ఉంటుంది కాబట్టి వాదన లేదు. పది పూర్తయ్యాక ఫోన్ తీసి ఆ వాక్యం చూపించి మరీ చెప్పేది, అయ్యాయే అని. పూజ అయ్యాక ఫోన్ ముట్టుకోవడం ఆవిడకు అలవాటు, కాబట్టి స్వామినీ, ఆ మాటనూ ఒకేసారి చూసేది. నాకు తెలిసి ఈ పద్ధతి అన్నింటికంటే బాగా కుదిరింది అమ్మకే. కారణం, అది ఆవిడ అప్పటికే నమ్మే ఫొటో పక్కన చేరింది.

ఇక ఎక్కడ, ఎలా పెట్టుకోవాలన్న సంగతులు. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే లేదా లాక్ స్క్రీన్ కింద, లాక్ స్క్రీన్ మీద టెక్స్ట్ పెట్టుకునే వీలు ఉంటుంది. కొన్నింటిలో అది కాంటాక్ట్ ఇన్ఫర్మేషన్ అన్న పేరుతో కనబడుతుంది. ఫోన్ పోతే దొరికినవాళ్లు ఫోన్ చెయ్యడానికి నంబరు రాసుకునే చోటు అది. తెలుగు టైప్ చేస్తే చక్కగా వస్తుంది, యాప్ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. ఐఫోన్‌లో అయితే 2022లో వచ్చిన ఐఓఎస్ 16 నుంచి లాక్ స్క్రీన్ మీద విడ్జెట్లు పెట్టుకోవచ్చు, ఒకటి కంటే ఎక్కువ లాక్ స్క్రీన్లు తయారుచేసుకుని ఆఫీసు వేళకు ఒకటి, ఇంటి వేళకు ఒకటి వచ్చేలా ఫోకస్ అనే సెట్టింగ్‌కు కలుపుకోవచ్చు. ఈ చివరి సౌకర్యం నాకు చాలా నచ్చింది. మా అన్నయ్య ఫోన్‌లో పెట్టి చూశాం, ఆఫీసు మాట ఆదివారం పూట కంటబడకపోవడం ఎంత హాయో.

విడ్జెట్ యాప్‌లతో తెలుగువాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. కొన్నింటిలో వరుసల మధ్య ఎడం ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయేంతే ఉంటుంది. కింద ఒత్తులు తెగిపోతాయి, లేదా కింది వరుస గుడులతో కలిసిపోతాయి. "ధైర్యం"లో య-ఒత్తు సగం కనబడక ఏదోలా ఉంటుంది. అందుకే వాక్యాన్ని బొమ్మగా చేసి వాల్‌పేపర్‌గా పెట్టుకోవడమే మేలు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో మండలి చదవడానికి హాయిగా ఉంటుంది, రామభద్ర లావుగా ఉండి రెండు మూడు పదాల మాటకు బాగా నప్పుతుంది. అమోలెడ్ స్క్రీన్ అయితే నల్లటి వెనుకభాగం మీద తెల్లటి అక్షరాలు పెట్టండి, బ్యాటరీ కూడా కాస్త మిగులుతుంది. సూర్యోదయాలు, కొండలు, పూలు ఉన్న ఫొటోల మీద రాస్తే కన్ను ఫొటో చూసి వెళ్లిపోతుంది, మాట దగ్గర ఆగదు. వాక్యం ఒక వరుస, మహా అయితే రెండు. లాక్ స్క్రీన్‌ను మనం చూసేది రెప్పపాటే కదా.

ఆఫీసు కంప్యూటర్‌లో, విండోస్ డెస్క్‌టాప్‌కు స్లైడ్‌షో పెట్టుకునే వీలుంది. ఒక ఫోల్డర్లో బొమ్మలు వేసి రోజుకొకటి మారేలా పెట్టవచ్చు. నిజానికి ట్యాలీ, ఎక్సెల్ తెరిచాక డెస్క్‌టాప్ కనబడేదే తక్కువ, కాబట్టి దాని వల్ల నాకు పెద్దగా ఒరిగింది లేదు. పాత విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో మార్క్యూ అని ఒక స్క్రీన్ సేవర్ ఉండేది, మనం రాసిన మాట స్క్రీన్ మీద ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తేది. దాన్ని తీసేయకుండా ఉండాల్సింది. టీ తాగి వచ్చేసరికి మన మాట మనకు ఎదురొచ్చేది.

అలారం పేరు మాత్రం ఎవరూ వదులుకోకూడదు. ఫోన్ గడియారంలో ప్రతి అలారానికీ పేరు రాసుకోవచ్చు, మోగినప్పుడు అది స్క్రీన్ మీద వస్తుంది. 18, 19, 20 తేదీల్లో పొద్దుటి అలారం పేరు నాకు "ముందు కాఫీ, తర్వాత మెసేజ్‌లు". నెల మొత్తంలో ఆ మూడు పొద్దుటిపూటలే నాకు కష్టం, ఆ మూడింటికే ఆ మాట. మిగతా రోజుల్లో కనబడదు కాబట్టి పాతబడదు. ఏ వాక్యమైనా రోజూ అదే చోట ఉంటే రెండు మూడు వారాల్లో కన్ను దాన్ని గోడ మీద క్యాలెండర్లా దాటేస్తుంది. నేను జీఎస్టీఆర్-1 అయ్యాక ఒకసారి, 3బి అయ్యాక ఒకసారి వాక్యం మారుస్తాను. మార్చేటప్పుడు కూర్చుని కాసేపు ఆలోచించాలి కదా, ఈ పదిహేను రోజుల్లో నన్ను కుదిపేది ఏది, అప్పుడు నాకు ఎవరు ఏం చెబితే బాగుంటుంది అని. ఆ ఆలోచనకు పెట్టే పది నిమిషాలు, తర్వాత వందసార్లు ఆ మాట చదవడం కంటే తక్కువ విలువైనవి కావు.

నలుగురి కంట్లో పడుతుందన్న సంగతి కూడా చూసుకోవాలి. బస్సులో పక్క సీటు ఆవిడ, ఆఫీసులో ఎదుటి టేబుల్ మనిషి లాక్ స్క్రీన్ చదివేస్తారు. బరువు తగ్గడం, విడాకులు, అప్పులు, పిల్లల కోసం మందులు వాడటం, ఇలాంటివాటి మీద ధైర్యం మాట పెట్టుకునేవాళ్లు మనకు మాత్రమే అర్థమయ్యేలా రాసుకోవాలి. మా బంధువుల్లో ఒకావిడ తన సంగతి ఎవరికీ చెప్పకుండా ఒక్క తేదీ మాత్రం పెట్టుకుంది. ఆ తేదీ నాటికి తను ఎంత కష్టం దాటి వచ్చిందో ఆవిడకు తెలుసు, చూసేవాళ్లకు అది పెళ్లిరోజో పుట్టినరోజో అనిపిస్తుంది. నాకు ఆ పద్ధతి ఎంతో గౌరవంగా అనిపించింది.

దీనితో కాని పనులు కూడా చెప్పాలి. మనిషికి పని ఎక్కువైతే వాక్యం ఆ పని తగ్గించదు. మా ఆఫీసులో ఇంకో మనిషిని తీసుకున్నాక నా సెప్టెంబర్లు తేలికపడ్డంతగా ఏ లాక్ స్క్రీనూ నాకు సాయపడలేదు. నిద్ర పట్టకపోవడం వారాల తరబడి సాగితే, ఏ పనీ చెయ్యబుద్ధి కాకపోతే, బతకాలనిపించకపోతే, స్క్రీన్ మీది మాటతో సరిపెట్టుకోవద్దు. డాక్టర్ని కలవాలి. ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చెయ్యవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. నేను ఆ నంబరును నా ఫోన్‌లోనూ, ఆర్టికల్స్ అమ్మాయి ఫోన్‌లోనూ సేవ్ చేసి పెట్టాను. అవసరం పడిన రోజున వెతుక్కునే ఓపిక ఉండదు.

చివరిగా డబ్బు సంగతి. యాప్‌లే కావాలనుకునేవాళ్లు ముందు ఉచితంగా ఇచ్చే రోజుల తర్వాత ఏమవుతుందో చదవండి. చాలావాటిలో గడువు అయిపోగానే ఏడాది చందా దానంతట అదే పడుతుంది. యూపీఐతో ఒప్పుకుని ఉంటే, మీరు వాడే పేమెంట్ యాప్‌లో ఆటోపే అన్న చోటికి వెళ్లి దాన్ని రద్దు చేసుకోవచ్చు. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే చందా ఆగదు. ఐఫోన్ అయినా ప్లే స్టోర్ అయినా సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి విడిగా ఆపాల్సిందే. మా క్లయింట్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు చూసేటప్పుడు, ఏడాదిగా ఎవరూ తెరవని యాప్‌లకు కట్టిన డబ్బు నెలనెలా కనబడుతూనే ఉంటుంది.